కోనబండ దారిలో మోటారు రంపం

అనంతపురం జిల్లాకు వెళ్ళొచ్చానని చెబితే మా కలప అడితిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ చెట్లు ఉన్నాయా అని. ఉన్నాయి. అయితే అవి మన చెట్ల లాంటివి కావు. నీడ ఇవ్వవు, పళ్ళు ఇవ్వవు, పక్కనుంచి వెళ్ళే మనిషి పంచె మాత్రం పట్టుకుంటాయి. అలాంటి చెట్లు కోయడానికి బెజవాడ నుంచి ఒక మోటారు రంపాన్ని రైల్లో వేసుకుని వెళ్ళినవాడు నాకు ముందు ఎవడూ ఉండడు. నా తర్వాత కూడా ఉండడనే అనుకుంటాను.

రంపం మా యజమానిది. అరవైల మొదట్లో విశాఖపట్నం రేవులో ఎవరో ఓడవాళ్ళు వదిలేసిన సామాను వేలం వేస్తుంటే, దాన్ని నీళ్ళు తోడే యంత్రం అనుకుని పాడాడు. ఇంటికి తెచ్చి గోనె విప్పి పళ్ళు చూశాక సంగతి తెలిసింది. పెట్రోలుతో నడిచే ఇంజను, దాని ముందు బారెడు ఇనుప రేకు, ఆ రేకు చుట్టూ పళ్ళున్న గొలుసు. మా కోతవాళ్ళు దాని చప్పుడు ఒకసారి విని, అది తమ కడుపు కొట్టడానికే పుట్టిందని తేల్చి, దాని వైపు చూడటం మానేశారు. అడితిలో పెద్దగా పనిలేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి దాన్ని నడపడం, విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం నా వంతుకు వచ్చాయి.

మా అక్క భర్త గుత్తిలో పశువుల డాక్టరు. ఆ ఏడు వానలు లేవు. దానికితోడు ఆ వైపు పశువులకు రోగం దిగింది. మనం ముసర అంటాం, వాళ్ళు పెద్దరోగం అంటారు. పేరేదైనా పశువు కళ్ళు కారతాయి, నోరు పుండవుతుంది, వారంలో గొయ్యి తవ్వుకోవాలి. దానికి టీకా ఉంది. కానీ ఐసులో ఉన్నంతసేపే అది మందు, ఐసు కరిగాక వట్టి నీళ్ళు. గుత్తికి దూరంగా గుట్టల మధ్య కోనబండ అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లెకు ఒకే బండిబాట, రెండు గుట్టల సందులోంచి. ఆ సందులో చెట్లు పడిపోయి మోటారు సైకిలు పోవడం లేదని, కూలీలందరూ కణేకల్ వైపు కాలువ పనికి పోయారని బావ కబురు పంపాడు. ఆ పల్లెకు మందు చేరకపోతే అక్కడ పశువన్నది మిగలదట. మా యజమాని రంపాన్ని అరువిచ్చాడు. నన్ను గురించి జాగ్రత్తలేమీ చెప్పలేదు గానీ గొలుసు గురించి చాలా చెప్పాడు.

గుత్తి

రైలు గార్డుకు ఈ వస్తువును ఏ పద్దు కింద రాయాలో తెలియక చాలాసేపు ఆలోచించి హార్మోనియం అని రాసుకున్నాడు. గొలుసుకు వేసే నూనె డబ్బా దారిలో కారి, కింది బల్ల మీద పడుకున్న పెద్దమనిషి బొంతలోకి ఇంకిపోయింది. ఆయన బళ్ళారి దాకా పోవాల్సినవాడు. గుత్తి దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆయన దిగే వేళకు ఇంకెవరు దొరికారో తెలియదు.

గుత్తిలో దిగితే కొండ మీద కోట, కొండ కింద ఎండ. స్టేషను బయట హోటల్లో ఒగ్గాణి పెట్టారు. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ. బాగుంది. కాఫీ రెండోసారి అడిగితే నవ్వుతూ ఇచ్చారు. నీళ్ళు రెండోసారి అడిగితే ఏ ఊరు మీది అని అడిగారు. బెజవాడ అని చెప్పగానే, పోనీలే పాపం అన్నట్టు చూసి అరగ్లాసు పోశారు. మా అక్క ఇంట్లో అయితే బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు, స్నానం చేసిన నీళ్ళు బెండ మొక్కలకు. ఇంట్లో ఒకసారి వాడి పారబోసిన నీళ్ళు నాకు కనపడలేదు. కాలువ గట్టున పెరిగిన మా అక్క ఇంత పొదుపు ఎప్పుడు నేర్చిందో నాకు తెలియదు.

గొలుసుకు నూనె లేకుండా రంపం నడవదు. గొలుసు వేడెక్కి రేకును తినేస్తుంది. బజారులో శెట్టిగారి అంగట్లో మంచి నూనె ఏదైనా ఇమ్మంటే, తలకా, కడుపుకా అని అడిగాడు. గొలుసుకు అన్నాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోకుండా ఆముదం కొలిచి ఇచ్చాడు. చిక్కగా ఉంటుంది, జారిపోదు, బావి నీళ్ళు తోడే మా మోటు కపిలెకు అదే పోస్తాము అన్నాడు. నిజంగానే ఆ తర్వాత నేను వాడిన ఏ నూనె కూడా అంత బాగా పనిచేయలేదు. వాసన మాత్రం కొత్త బాలింత ఉన్న ఇంటి వాసన.

బండి మీద రంపం

బావ మోటారు సైకిలు మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన ముసలి బండి. దాని మీద రంపాన్ని మొదట అడ్డంగా కట్టాము. మొదటి సందులోనే అది ఒక దర్జీ అంగడి ముందున్న గోనె పందిరిని తనతో తీసుకొచ్చేసింది. దర్జీ వెంట పడ్డాడు. పందిరి తిరిగి కట్టిచ్చి, ఈసారి రంపాన్ని నిలువుగా, రేకు వెనక్కి ఉండేలా కట్టాము. పళ్ళకు పాత సైకిలు టైరు చీల్చి తొడిగాను. ఆ తొడుగు లేకపోతే ఏ గతుకులోనో మన వెనకొచ్చేవాడికి గడ్డం గీస్తుంది.

ముందు బావ, వెనక రంపం, మధ్యలో నేను, నా ఒళ్ళో టీకా మందున్న ఐసు పెట్టె. ఐసు పక్క జంక్షన్ నుంచి రైల్లో వచ్చింది. దాని చుట్టూ నేను బెజవాడ నుంచి తెచ్చిన రంపపు పొట్టు కూరాము. బావకు బావమరిది కంటే ఆ పొట్టు ఎక్కువ నచ్చింది. ప్రతి మైలుకూ బండి ఆపి పెట్టె మూత తీసి చూసేవాడు. అలా తీస్తే త్వరగా కరుగుతుంది కదా బావా అంటే, అందుకేనోయ్ చూస్తున్నాను కరుగుతోందేమోనని, అనేవాడు.

గుట్టల సందు

సందు దగ్గరికి చేరేసరికి అక్కడ ఒక మనిషి, రెండు ఎద్దులు ఉన్నాయి. ఎర్రదొకటి, తెల్లదొకటి. మనిషి పేరు బొజ్జన్న. కోనబండవాడే. కణేకల్ కాలువ పనికి బండి తోలడానికి పోయి, బండి అక్కడే అమ్మేసి ఎద్దులతో తిరిగొచ్చాడట. దారి లేక ఇక్కడే ఉన్నానన్నాడు. మమ్మల్ని చూసి అతను ఎంత సంతోషించాడో చెప్పలేను. రంపాన్ని చూసి అంతకంటే ఎక్కువ సంతోషించాడు.

దారి అంటే అరమైలు కూడా లేదు, కానీ తుమ్మ మానులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మానుల మధ్య సందుల్లో సర్కారు కంప, అంటే ముళ్ళపొద, కుక్కినట్టు నిండి ఉంది. పక్కన గుట్ట బండల మీదుగా మనిషి పాకుతూ పోవచ్చు. ఐసు పెట్టె మోసుకుని అలా పోయి, అవతల నాలుగు మైళ్ళు ఎండలో నడిస్తే ఊరికి చేరేది పెట్టె ఒక్కటే. కోయక తప్పదు.

నేను అడితిలో పుట్టి పెరిగినవాణ్ణి. మాను మొదలు చూస్తే అది ఎలా పడిందో తెలుస్తుంది. ఈ మానులన్నిటికీ మొదట్లో గొడ్డలి గాట్లు ఉన్నాయి. ఇవెలా పడ్డాయి అని బొజ్జన్నను అడిగాను.

"గాలికి పడినాయన్నా."

"గొడ్డలి గాట్లున్నాయే?"

"ఈడ గాలి గట్టిదన్నా," అన్నాడు.

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బావ పెట్టె మూత తీసి చూసుకుంటున్నాడు. పుల్ల దొరికితే పొయ్యికి దాచుకునే ఆ దేశంలో ఇంత కలప కొట్టి వదిలేసి పోయేవాళ్ళు ఎవరా అని నాకు ఒక క్షణం అనిపించింది. ఈలోపు ఇంజను అంటుకుంది. ఇక ఆ చప్పుడులో ఆలోచన అనేది సాగదు.

ఆ నేలలో రంపం నడపడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎవరైనా తీసుకెళ్ళేటట్టయితే. అక్కడి తుమ్మ మన తుమ్మ కాదు. నీళ్ళు లేక ఇనుములా బిగిసిపోయి ఉంటుంది. బెరడులో ఇసుక దాగి ఉంటుంది. ఒక్కో మానుకు గొలుసు పళ్ళు మొద్దుబారతాయి. బండ మీద కూర్చుని ఒక్కో పన్నూ ఆకురాయితో రాయాలి, అన్నీ ఒకే వాలులో. ఒక వైపు ఎక్కువ రాస్తే రంపం సూటిగా కోయకుండా తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. వేడికి గొలుసు సాగి వేలాడుతుంది, బిగించాలి. చల్లారే ముందు మళ్ళీ సడలించాలి, లేకపోతే తెగుతుంది. ఇంజనుకు గాలి పోయే జల్లెడ ఎర్రదుమ్ముతో మూసుకుపోతే విప్పి దులపాలి. మొదటిసారి నేను దాన్ని కడగడానికి నీళ్ళు అడిగాను. బొజ్జన్న మొదటిసారిగా నా మీద గౌరవం పోయినట్టు చూశాడు. తర్వాత నోటితో ఊదుకున్నాను.

నేను కోసేది, బొజ్జన్న పంగలకర్రతో కంపను పక్కకు తోసేది. అతనంత కష్టపడే మనిషిని మా అడితిలో చూడలేదు. మధ్యాహ్నం ఇంటి నుంచి వచ్చిందంటూ జొన్నరొట్టె, ఊరిబిండి అని వాళ్ళనే చెనిక్కాయల పచ్చడి పెట్టాడు. కారం తలకెక్కింది. ఎంత బాగుందంటే, దారి మూసుకుపోయినప్పుడు ఇంటి నుంచి రొట్టె ఎలా వచ్చిందని అడగాలని కూడా మాకు తోచలేదు. ఎద్దులు మా వెనకే, కోసిన దారెంట అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాయి. పొద్దు వాలేసరికి సగం అయింది. ఐసు కూడా సగం అయింది.

అవతలి వైపు

మరునాడు ఎండ నెత్తికెక్కే వేళకు ఒక్క మాను మిగిలింది. కొమ్మల సందుల్లోంచి అవతల జనం కనపడ్డారు. చేతులూపుతున్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. స్వాగతం చెప్పడానికి ఇంతమంది వచ్చారని నాకు గర్వంగా అనిపించి, ఇంజను ఇంకా పెంచి మాను కోసి దొర్లించాను. ఇంజను ఆపాక తెలిసింది, వాళ్ళు పొద్దుటి నుంచి ఆపమని అరుస్తున్నారట.

అందరికంటే ముందు నడివయసు మనిషి ఒకామె, కొంగు నడుముకు దోపుకుని, కర్ర అడ్డం పెట్టి నిలబడింది. మా వైపు చూడను కూడా లేదు. మా వెనక ఉన్న ఎద్దుల్ని చూసింది.

"ఎద్దులు ఆడే ఉండనీ," అంది బొజ్జన్నతో. "నువ్వు గూడా ఆడే ఉండు."

ఆమె నాగమ్మ, బొజ్జన్న భార్య. ఆ పూట కాపలా వంతు ఆమెది. కణేకల్ పని దగ్గర పెద్దరోగం ఉందని ఊళ్ళో తెలిసిన రోజే ఊరంతా కలిసి చెట్లు కొట్టి సందు మూసేశారు. బయటి పశువు లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోకూడదు. బొజ్జన్న అప్పటికి కణేకల్ లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి మూత పడింది. ఎద్దుల్ని వదిలేసి తానొక్కడూ గుట్ట మీదుగా రావచ్చునన్నారు గానీ, వాటిని తాకిన మనిషి పశువుల కొట్టాల దగ్గరికి రాకూడదన్నారు. అతను ఎద్దుల దగ్గరే ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే నాగమ్మ గుట్ట మీది బండపై రొట్టె పెట్టి పోతే, ఆమె పోయాక ఇతను తీసుకునేవాడు. మేము తిన్నది అదే.

బావ మొహం ఎర్రబడింది. దారి మూసేసి టీకా రానివ్వకపోతే ఎట్లా, ఎవరు చెప్పారు మీకు ఈ పిచ్చిపని చేయమని, అని కేకలేశాడు. ఒక ముసలాయన చాలా మర్యాదగా చెప్పాడు. పోయినేడు సంతలో బల్ల మీదికెక్కి, రోగమొస్తే ముందు దారి మూసెయ్యండి అని చెప్పింది మీరే గదా సామీ, అన్నాడు. దారి కొలత కూడా మీరు చెప్పిన దానికంటే ఎక్కువే మూసినామన్నాడు. బావ కాసేపు ఐసు పెట్టె వైపు చూశాడు. అవును, చెప్పాను, అన్నాడు.

నాకు బొజ్జన్న మీద పట్టరాని కోపం వచ్చింది. రోగం పట్టిందో లేదో తెలియని ఎద్దుల్ని మా చేత దారి చేయించి ఊళ్ళోకి తోలబోయాడు. ఆ మాట అందామని తిరిగేసరికి అతను ఎర్రెద్దు మెడ మీద చెయ్యి వేసి నేల చూస్తున్నాడు.

"అవి బాగుండాయి నాగూ," అన్నాడు చివరికి. "మేత మేస్తాండాయి. చూడు నువ్వే."

"చూస్తాండా. లోపల ఊరందరివీ ఉండాయి. మనవి రెండు పోతే మనం కూలికి పోతాం. అందరివీ పోతే ఎవరి కాడికి పోతాం?"

ఆమె అడ్డం పెట్టిన కర్ర తీయలేదు. బావ ఎద్దులకు జ్వరం కొలిచి చూశాడు. ఏమీ లేదు. కానీ రోగం లోపలుంటే కొన్నాళ్ళ దాకా బయట పడదని, ఈ రోజుకు ఏమీ చెప్పలేనని అన్నాడు. తర్వాత నాగమ్మ చెప్పిందే సరి అన్నాడు.

మా చేత వేపాకు పసుపు నీళ్ళతో చేతులు కాళ్ళు కడిగించి, మోటారు సైకిలు చక్రాలకు కూడా చల్లి లోపలికి పోనిచ్చారు. బావ తన తృప్తికి ఆ పైన ఫినాయిలు పోశాడు. కల్లంలో పశువులన్నీ కట్టి ఉన్నాయి. బావ సూది వేస్తుంటే నేను కొమ్ములు పట్టుకున్నాను. చివరి పశువు అయ్యేసరికి ఐసు నిమ్మకాయంత మిగిలింది. తిరిగొచ్చి, ఆఖరి మందు సందు బయట ఉన్న ఆ రెండు ఎద్దులకు వేశాము.

మూయడం

దారి తెరవడం కంటే మూయడం కష్టమని ఆ రోజు తెలిసింది. నేను ముక్కలు చేసిన మానులు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు. కొత్తగా చెట్లు పడేయాలి. ఏవి కొట్టాలో ఊరివాళ్ళు చూపిస్తుంటే నేను కోశాను. మధ్యలో ఆముదం అయిపోయింది. నాగమ్మ ఇంట్లో దీపానికి ఉంచుకున్న ఆముదం గిన్నెతో తెచ్చి ఇచ్చింది. ఆమె ఇచ్చిన నూనెతోనే ఆమె మొగుడి దారి మూశాను. అంత బాధగా నేను ఎప్పుడూ రంపం పట్టలేదు.

చివరి మాను పడేటప్పుడు బావ, నేను, బండి బయటి వైపు ఉన్నాము. బొజ్జన్న పంగలకర్ర తీసుకుని కంప కుక్కడానికి వచ్చాడు. అక్కర్లేదు, కూర్చో అన్నాను. వినలేదు. నిన్న ఎంత కష్టపడి తోశాడో అంత కష్టపడి మళ్ళీ కుక్కాడు.

మళ్ళీ సందు దగ్గర

అక్క ఇంట్లో రెండు వారాల పైన ఉన్నాను. గొలుసు రాసుకుంటూ, బెండ మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కాలం గడిపాను. బావ మధ్యలో రెండుసార్లు ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. మొదటిసారి వచ్చి నేరుగా స్నానానికి పోయాడు. రెండోసారి వచ్చి ఎర్రెద్దు పోయిందని చెప్పాడు. బొజ్జన్న ఒక్కడే గొయ్యి తవ్వి, ఉప్పు పోసి పూడ్చాడట. ఊళ్ళో ఒక్క పశువుకు కూడా కళ్ళు కారలేదు.

రోగం బయటపడే గడువు దాటాక రంపం కట్టుకుని ఇద్దరం బయలుదేరాము. బొజ్జన్న గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. తెల్లెద్దు డొక్కలు తేలి ఉన్నాయి గానీ మేస్తోంది. బావ దాని కళ్ళు, నోరు చూసి, జ్వరం చూసి, గండం గడిచింది, ఇక దారి తెరవొచ్చు అన్నాడు. అవతల జనం వచ్చి నిలబడ్డారు. ముందు నాగమ్మ ఉంది. నేను ఇంజను అంటించాను. బొజ్జన్న లేచి వచ్చి రంపం ముందు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆపేశాను.

"ఇంకొక వారం ఉండనీన్నా," అన్నాడు.

బావ అక్కర్లేదని చెప్పాడు. లెక్క ప్రకారం రోజులు కూడా దాటాయన్నాడు.

"నీ లెక్క మీద నాకు నమ్మకమే సామీ. నా మీదే లేదు. పోయిన తూరి గూడా బాగుండాయనే జెప్పినా."

అవతల నాగమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆమెకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఎండ తగ్గాక పోదామని మేము బండ నీడన ఆగాము. పొద్దు వాలేసరికి ఆమె మళ్ళీ వచ్చింది. నెత్తిన నీళ్ళ కడవ, చంకలో మూట. పాలావును అత్తకు అప్పజెప్పి వచ్చానంది. కడవతో బండలెక్కలేనని, మనిషి పట్టేంత సందు కోయమని నన్ను అడిగింది. లోపలున్న ముసలాయన, బయటికి పోతే వారం దాకా లోపలికి రాకూడదు తల్లీ అని హెచ్చరించాడు.

"లోపలికి రానియ్యనంటి గానీ, నేను బయటికి పోనని అన్న్యానా?" అంది నాగమ్మ.

రెండు కొమ్మలు కోస్తే చాలింది. ఆమె ఒరిగి, కడవ తొణక్కుండా ఇవతలికి వచ్చింది. నేను కొమ్మలు తిరిగి అడ్డం వేశాను, బొజ్జన్న కంప కుక్కాడు. నాగమ్మ ముందు తెల్లెద్దు దగ్గరికి పోయి దాని ముందు కడవ దించింది. అది తాగినంతసేపూ దాని మెడ నిమురుతూ నిలబడింది. తర్వాత బొజ్జన్న దగ్గరికి పోయి, ఎదురుగా కూర్చుని, మూట విప్పి సంగటి ముద్ద అతని చేతిలో పెట్టింది.